పండు చెడినపుడు నష్టము ఎవరిది? – తాజాపండ్ల వర్తకములో నాణ్యతా క్లెయిముల పరిష్కారము

విజయనగర, నాయకరాజుల కాలములనుండి కోయంబత్తూరు, మదురై ప్రాంతములకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములలో సేద్యమును వర్తకమును నమ్ముకొన్నవారు అనేకులు. వారికి ఇంట తెలుగు, అంగడిలో తమిళము, బ్యాంకు కాగితములపై ఆంగ్లము. పండ్ల వర్తకములో ఈ మూడు భాషలును ఒకే సరకుమీద కలియును. తోటలో నోటిమాటగా కుదిరిన బేరము, లారీ బిల్టీమీద ఒక విధముగా, మండీ పట్టీమీద మరియొక విధముగా నమోదగుట కలదు. సరకు బాగున్నంతవరకు ఈ భేదము ఎవరికిని పట్టదు. సరకు చెడిన దినమున మాత్రము ప్రతి మాటకును విలువ వచ్చును.

పండును గూర్చిన తగవునకు ఇతర సరకుల తగవులలో లేని కష్టము ఒకటి కలదు. ఇనుప పనిముట్టు పగిలినచో ఆరు నెలల తరువాతను దానిని చూపవచ్చును. పండు అట్లు కాదు. నేడు మచ్చగా నున్నది రేపు కుళ్లగును, ఎల్లుండి చెత్తబండిలో నుండును. తగవునకు కారణమైన వస్తువే సాక్ష్యము. ఆ సాక్ష్యము గంటగంటకు మాసిపోవుచుండును. కావున పండ్ల వర్తకములో న్యాయము, సరకు చేతులు మారిన ప్రతి చోట దాని స్థితిని వ్రాసియుంచుటపై ఆధారపడియున్నది. ఆ వ్రాత ఎట్లుండవలెనో తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

క్లెయిము అనగా నేమి?

ఒప్పుకొన్న నాణ్యతకు తక్కువైన సరకు వచ్చినదని కొనుగోలుదారు అమ్మకందారునకు తెలిపి, సరకును నిరాకరించుటనో, ధర తగ్గింపునో, నష్టపరిహారమునో కోరుటను వర్తకులు క్లెయిము అందురు. క్లెయిము నిలువవలెనన్న మూడు విషయములు తేలవలెను. మొదటిది, ఒప్పుకొన్న నాణ్యత ఏది? రెండవది, చేరిన సరకు స్థితి ఏది? మూడవది, ఈ రెంటి నడుమ భేదము ఎవరి చేతిలో నుండగా కలిగినది? ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేలకున్నను క్లెయిము వాదముగానే మిగులును. అపుడు బలవంతుని మాట చెల్లును; పలుమారులు నష్టపోవువాడు చిన్న రైతు.

1999లో ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజారులును, అదే సంవత్సరము నవంబరు 14న మదురై అన్నానగరులో తమిళనాడు తొలి ఉళవర్ సందైయును ప్రారంభమైనవి. అచ్చట కొనువారును పండించినవారును ఎదురెదురుగా నిలుతురు. కొనువారు పండును చేతితో నొక్కి చూచి, నచ్చినచో కొందురు, నచ్చనిచో వదలుదురు. క్లెయిమునకు తావే అరుదు. తోటకును తినువారికిని నడుమ లారీ, మండీ, మగ్గబెట్టు గది, చిల్లర అంగడి చేరుచున్నకొలది, కంటికి బదులు కాగితము అవసరమగును.

పేరులోనే పుట్టు తగవు

ఒప్పందములో మొదట వ్రాయవలసినది రకము పేరు. తెలుగునాటినుండి తమిళనాటికి వచ్చునపుడు పండు మారకున్నను పేరు మారును. కోస్తా ఆంధ్రలో కర్పూర చక్కెరకేళి అనునది ఇచ్చట పూవన్. అచ్చటి అమృతపాణి ఇచ్చట రస్తాళి. పెద్ద పచ్చ అరటి అనునది రోబస్టా. మామిడిలో తోతాపురిని చిత్తూరు వైపు బెంగళూర అనియు, కొన్నిచోట్ల కలెక్టరు అనియు అందురు. తమిళములో అది కిళిమూక్కు. హిమాయత్ అనినను ఇమాంపసందు అనినను ఒకటే. కంబం లోయలో పన్నీర్ ద్రాక్ష అని పిలుచునది మస్కట్ హాంబర్గ్ రకము.

చీటిమీద చక్కెరకేళి అని మాత్రము వ్రాసినచో కర్పూర చక్కెరకేళియా, తెల్ల చక్కెరకేళియా అని తెలియదు. ఆ రెండును వేర్వేరు రకములు. రుచి, తోలు, నిలువ గుణము, ధర వేరువేరు. అట్లే దిండిగల్ జిల్లా కొండలపై పండు విరూపాక్షి అరటికిని సిరుమలై అరటికిని భౌగోళిక గుర్తింపు కలదు. మైదానమున పండిన గెలకు ఆ పేరు పెట్టి పంపుట నాణ్యతాలోపము మాత్రమే కాక, వర్ణన తప్పిన అమ్మకము కూడ నగును. కావున రకము పేరును రెండు నాటి వాడుకలలోను వ్రాయుట మేలు.

పేరు తరువాత శ్రేణి. 1937 నాటి వ్యవసాయోత్పత్తుల శ్రేణీకరణ, గుర్తింపు చట్టము క్రింద అగ్‌మార్క్ నియమములు ఏర్పడినవి. వాటిలో మామిడివంటి పండ్లకు ఎక్‌స్ట్రా, మొదటి తరగతి, రెండవ తరగతి అను మూడు శ్రేణులు కలవు. ఎక్‌స్ట్రా శ్రేణిలో నూటికి 5 పాళ్లవరకు, తక్కిన రెంటిలో నూటికి 10 పాళ్లవరకు శ్రేణికి దిగువ కాయలు ఉండవచ్చునని సడలింపు కలదు. లోపమేలేని లోడు లోకమున లేదు కనుక, ఎంతవరకు సైపవలెనో ముందుగా అంకెలో వ్రాయుట ఉభయులకును రక్షణ. మంచి సరకు, ఫస్టు రకము అను మాటలు కొలతలు కావు.

లోపము ఎచ్చట పుట్టినది?

చెడిన పండును చూచి కోపపడుటకు ముందు, ఆ చెడుగు ఎచ్చట పుట్టినదో చదువుట నేర్వవలెను. పండుమీది గుర్తులు చాలవరకు దాని ప్రయాణమును చెప్పును.

తోటలో పుట్టునవి: మామిడిపై నల్లమచ్చలుగా కనిపించు ఆంత్రాక్నోస్ తెగులు శిలీంధ్రము వలన కలుగును. అది కాయ పిందెగా నున్నపుడే తోలులో చేరి నిద్రాణముగా నుండి, కాయ పండు దశలో బయటపడును. లారీ ఎక్కునపుడు నిగనిగలాడిన కాయ నాలుగు దినములలో మచ్చలతో నిండుటకు ఇది ఒక కారణము. ముచ్చిక కుళ్లు కూడ ఇట్టిదే. కాయలను సుమారు 52 డిగ్రీల సెల్సియస్ వేడినీట కొన్ని నిమిషములు ముంచి తీయుట వలన ఆంత్రాక్నోస్ తగ్గును.

కోతలో పుట్టునవి: తొడిమను మొదలంట త్రుంచినపుడు చిమ్మిన సొన తోలును కాల్చి చారలు పెట్టును. అరటి అత్తములను మురికి కత్తితో కోసి, మురికినీట కడిగినచో కోసిన మొదలునుండి కుళ్లు ప్రారంభమగును.

ప్రయాణములో పుట్టునవి: ఒరిపిడి, నలుగుడు, అడుగు వరుసల నొక్కుడు. నలిగిన చోటు వెంటనే కనబడక ఒకటి రెండు దినములకు నల్లబడుట కలదు. లోడంతట సమానముగా గాక, అడుగున మాత్రమో వెనుక భాగమున మాత్రమో దెబ్బ లుండినచో లోపము పేర్పులోనో బండిలోనో ఉండుటకు అవకాశము హెచ్చు.

నిలువలో, మగ్గబెట్టుటలో పుట్టునవి: అరటిని 13 డిగ్రీలకన్న తక్కువ చల్లదనములో నుంచినచో తోలు పసుపు వన్నె తేలక బూడిదవన్నెకు తిరుగును, తోలు క్రింద గోధుమరంగు గీతలు కనిపించును. దీనికి విరుద్ధముగా, రోబస్టావంటి కావెండిష్ జాతి అరటిని 24 డిగ్రీలకు మించిన వేడిలో మగ్గబెట్టినచో తోలు పచ్చగానే యుండి గుజ్జు మెత్తబడును. మదురై వేసవిలో చల్లని గది లేక మగ్గబెట్టిన కాయ పసుపు తిరుగనపుడు, లేతకాయ కోసినాడని రైతును నిందించుట సులభము. ఆ కాయను కోసి గుజ్జు చూడవలెను. గుజ్జు గట్టిగా, పిండివలె నుండినచో ముదరని కాయ యని అనుమానించవచ్చును. మెత్తబడి తీపెక్కి యుండినచో దోషము గది వేడిది. ఈ ఒక్క పరీక్ష పలు తగవులను మొదటనే ఆపగలదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

భారతదేశమున సరకుల అమ్మకమునకు మూలము 1930 నాటి సరకుల విక్రయ చట్టము. దాని 15వ సెక్షను ప్రకారము వర్ణనను బట్టి అమ్మిన సరకు ఆ వర్ణనకు సరిపోవలెను. 17వ సెక్షను ప్రకారము నమూనా చూపి అమ్మినపుడు మొత్తము సరకు ఆ నమూనాకు సరితూగవలెను. 16వ సెక్షను ప్రకారము అట్టి సరకుతో వ్యాపారము చేయువాడు వర్ణనను బట్టి అమ్మిన సరకు అంగడిలో చెల్లుబాటగు నాణ్యత కలిగియుండవలెను. అయితే కొనువాడు సరకును పరీక్షించి యున్నచో, ఆ పరీక్షలో తెలియదగిన లోపములను గూర్చి ఈ రక్షణ లేదు. మేట్టుపాళయమువంటి చోట్ల గెలలను కంటియెదుట నుంచి వేలము వేయుదురు. అట్టి వేలములో పైకి కనిపించు మచ్చను గూర్చి తరువాత వాదించుట కష్టము. లోపల దాగిన దోషమును గూర్చిన ప్రశ్న వేరు.

40వ సెక్షను పండ్ల వర్తకులు తప్పక తెలిసికొనదగినది. అమ్మువాడు తన పూచీమీద దూరపు ఊరికి సరకు చేర్చుటకు ఒప్పుకొన్నను, వేరు ఒప్పందము లేనిచో, ప్రయాణమునకు సహజమైన క్షీణత కొనువాని వంతు. దారిలో కొంత బరువు తగ్గుట సహజము. పైకప్పు లేని లారీలో వానకు తడిసి కుళ్లుట సహజము కాదు. ఈ సరిహద్దును ముందుగా వ్రాసికొనుట మంచిది.

41వ సెక్షను సరకును పరీక్షించుటకు తగిన అవకాశము కొనువానికి ఇచ్చుచున్నది. అయితే తగిన కాలము గడచినను నిరాకరణ తెలుపక సరకును ఉంచుకొన్నను, తనదిగా భావించి అమ్మివేసినను, అంగీకరించినట్లే యగునని 42వ సెక్షను చెప్పుచున్నది. అంగీకరించిన తరువాత సరకును త్రిప్పి పంపు హక్కు సాధారణముగా పోవును. 59వ సెక్షను క్రింద ధర తగ్గింపో పరిహారమో కోరు హక్కు మాత్రము మిగులును. కాబట్టి చెడిన లోడు వచ్చినపుడు వర్తకుడు మొదట తెలియజేయవలెను, తరువాతనే అమ్మవలెను. పండ్లు కుళ్లకముందే అమ్మక తప్పనిచో, అమ్మువాని సమ్మతిని వ్రాతలో పొంది, అతని లెక్కలో అమ్ముట క్షేమము.

తగిన కాలము ఎంత యని మన చట్టము గంటలలో చెప్పలేదు. అమెరికాలో 1930 నాటి త్వరగా చెడు వ్యవసాయ సరకుల చట్టము క్రింద, లారీలో వచ్చిన పండ్లను నిరాకరించుటకు, సరకు చేరినదని తెలిసి పరీక్షకు అందుబాటైన పిమ్మట 8 గంటలకు మించని గడువు నియమించిరి. మన మండీలలో కూడ ఉభయులు ఇట్టి గడువును ఒప్పందములో అంకెగా వ్రాసికొనవచ్చును. దానికి అడ్డు లేదు.

లారీవారి తప్పు వలన నష్టము కలిగినచో 2007 నాటి రోడ్డు రవాణా చట్టము 16వ సెక్షను వర్తించును. సరకును బుక్ చేసిన దినమునుండి 180 దినములలోపల వ్రాతమూలకమైన నోటీసు ఇచ్చియుండనిదే దావా వేయుటకు వీలులేదు. చాలమంది నోటిమాటతో తృప్తిపడి ఈ హక్కును కోల్పోవుదురు.

మొదటి గంటలలో చేయవలసిన పని

1. లారీ చేరిన తేది, గంట, బండి సంఖ్య, బిల్టీ సంఖ్య వ్రాయవలెను. టార్పాలిను కప్పియున్నదో లేదో, ట్రేలు ఒరిగియున్నవో లేదో దించక మునుపే ఫోటో తీయవలెను.

2. చల్లని బండియైనచో గాలి వేడిమియే గాక, కాయలోపల సూది థర్మామీటరు గ్రుచ్చి గుజ్జు వేడిమిని కూడ నమోదు చేయవలెను.

3. ముందు, నడుమ, వెనుక, పైన, అడుగున – అన్ని చోట్లనుండియు ట్రేలను ఎన్నుకొనవలెను. చెడినవి మాత్రము ఏరి చూపుట నమూనా కాదు. అది వాదమును బలహీనపరచును.

4. లోపములను రకములవారీగా వేరుపరచి తూచవలెను: తెగులు, సొన మచ్చ, నలుగుడు, ముదరని కాయ, అతిగా పండినది.

5. లారీ డ్రైవరు సంతకము తీసికొనవలెను. అతడు నిరాకరించినచో ఆ సంగతియే వ్రాయవలెను.

6. అదే దినమున ఫోటోలతో అమ్మకందారునకు తెలియజేసి, అతడు గాని అతని ప్రతినిధి గాని వచ్చి చూచుటకు గడువు ఇవ్వవలెను. అంతవరకు కొన్ని ట్రేలను విడిగా నుంచవలెను.

ఒక లెక్క

ఉదాహరణకు ఒక తోటనుండి మదురై వర్తకునకు 500 ట్రేల బంగినపల్లి వచ్చినదని అనుకొందము. ట్రేకు 20 కిలోలు, కిలో రూ. 40. మొత్తము 10,000 కిలోలు, రూ. 4,00,000. ఒప్పందము మొదటి తరగతి, సడలింపు నూటికి 10. లోడు పేర్చు బాధ్యత లారీవారిదని బిల్టీలో కలదు.

వర్తకుడు 25 ట్రేలు తీసి 500 కిలోలు పరీక్షించెను. 80 కిలోలు లోపభూయిష్టముగా తేలెను. అనగా నూటికి 16. సడలింపు పోగా నూటికి 6 చొప్పున 600 కిలోలకు రూ. 24,000 రైతు లెక్కలో కోయుట అతని మొదటి ఆలోచన. కాని లోపములను వేరుపరచినపుడు 45 కిలోలు తెగులు, సొన మచ్చలవి. 35 కిలోలు నలిగినవి, అవియు వెనుక అడుగు వరుసలలోనివే. అనగా తోటకు చెందిన లోపము నూటికి 9. అది సడలింపులోపలనే యున్నది. రైతు చెల్లించవలసినది లేదు. నూటికి 7 చొప్పున 700 కిలోల నష్టము పేర్పుది. దాని విలువ రూ. 28,000. నలిగిన కాయలను రసము తీయువారికి కిలో రూ. 15 చొప్పున అమ్మగా రూ. 10,500 వచ్చినచో, లారీవారిమీద నోటీసు ఇవ్వదగిన మొత్తము రూ. 17,500.

వేరుపరచుటకు పట్టినది ఒక గంట. ఆ గంట పని చేయనిచో, ఏ తప్పును లేని రైతు రూ. 24,000 కోల్పోయెడివాడు, తప్పు చేసినవాడు కిరాయి పూర్తిగా తీసికొని పోయెడివాడు.

కమీషన్ మండీలో తరుగు

పైన చెప్పినది కొనుగోలు బేరము. రైతు సరకును మండీకి పంపి, అమ్మిపెట్టుమని కోరునపుడు సంబంధము వేరు. అచ్చట మండీదారు కొనువాడు కాడు, రైతు తరఫున పనిచేయు ఏజెంటు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 213వ సెక్షను ప్రకారము, కోరినపుడు సరియైన లెక్క చూపుట ఏజెంటు విధి. 214వ సెక్షను ప్రకారము, చిక్కు వచ్చినపుడు యజమానికి తెలియజేసి అతని ఆదేశము పొందుటకు తగిన శ్రద్ధ చూపవలెను.

కావున పట్టీమీద తరుగు అని ఒకే మాట వ్రాసి ఒక మొత్తమును కోయుట లెక్క చూపుట కాదు. ఎన్ని కిలోలు, ఏ లోపమువలన, ఏ ధరకు అమ్ముడుపోయినవి అనునవి కనబడవలెను. మండీదారునకును ఇది మేలే. తరతరములుగా ఒకే కుటుంబము వద్దకు సరకు పంపు రైతు, అనుమానము కలిగిన దినమున నోరెత్తక మరుసటి కోతకు వేరొక మండీకి పోవును. స్పష్టమైన పట్టీ నమ్మకమును కాపాడును. రైతు కూడ తోటనుండి బయలుదేరుటకు ముందు ట్రేల సంఖ్య, బరువు, కోత దినము వ్రాసి, లోడు ఫోటో తీసి ఉంచుకొనవలెను. అది లేనిచో అతని ఫిర్యాదునకు ఆధారముండదు.

అంగడిలో కొనువారు

క్లెయిము భయముతో కొందరు కాయలను త్వరగా పసుపు చేయుటకు కాల్షియం కార్బైడును వాడుట కలదు. 2011 నాటి ఆహార భద్రతా నియమములు దానితో పండ్లను మగ్గబెట్టుటను నిషేధించినవి. దానినుండి వెలువడు వాయువులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండవచ్చును. దానికి బదులుగా పదిలక్ష పాళ్లకు 100 పాళ్లు మించకుండ ఎథిలీన్ వాయువును వాడుటకు అనుమతి కలదు. కార్బైడు వాడినట్లు అనుమానమున్నచో ఆహార భద్రతాధికారికి తెలుపవలెను. ఇంటికి కొన్న పండ్లను గూర్చి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వర్తించును. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము సంఖ్య 1915. బిల్లు ఉండినచో మాట నిలుచును. తోపుడుబండి వద్ద బిల్లు ఉండదు. అచ్చట కోసి చూపుమని అడుగుటయే పరీక్ష.

అభ్యాసము

1. పై లెక్కలో సడలింపు నూటికి 5 అయినచో రైతు చెల్లించవలసిన మొత్తము ఎంత? (నూటికి 9లో 5 పోగా మిగిలినది గణింపవలెను.)

2. రోబస్టా అరటి పచ్చగానే యుండి గుజ్జు మెత్తబడినది. ఏ కారణమును మొదట అనుమానించవలెను? ఎవరి నమోదు పుస్తకమును అడుగవలెను?

3. వర్తకుడు లోడులో సగము అమ్మిన పిమ్మట, మూడవ దినమున అమ్మకందారునకు ఫిర్యాదు తెలిపెను. అతడు కోల్పోయిన హక్కు ఏది? మిగిలిన హక్కు ఏది?

4. మీ ఇంట లేదా మీ వీధి అంగడిలో ఉన్న ఒక పట్టీనో చీటినో తీసి చూడుడు. అందు రకము పేరు, శ్రేణి, సడలింపు, ఫిర్యాదు గడువు – ఈ నాలుగింటిలో ఎన్ని కలవు? లేనివాటిని చేర్చి ఆ చీటిని తెలుగులోను తమిళములోను తిరిగి వ్రాయుడు.